చిట్టెలుక మెదడులో రంగుల నాడీకణాలు

నాడీకణాల్లో రంగు కాంతినిచ్చే ప్రోటీన్ తయారయ్యేలా జన్యువులు మార్చిన చిట్టెలుకలు ఇవాళ మెదడు పరిశోధనలో రోజువారీ సాధనం. పైకి చూస్తే వీటికీ మామూలు చిట్టెలుకలకూ తేడా తెలియదు. అదే బొచ్చు, అదే తిండి, అదే పరుగు. చీకటి గదిలో వదిలినా వాటంతట అవి మెరవవు. మెదడు మీద తగిన కాంతి పడినప్పుడు మాత్రం లోపల కొన్ని నాడీకణాలు ఆకుపచ్చగానో పసుపుగానో ఎరుపుగానో వెలుగుతాయి. చుట్టూ ఉన్న లక్షల కణాలు చీకట్లోనే ఉండిపోతాయి. అన్నీ వెలగకపోవడమే ఈ ఎలుకల విలువ. అది ఎందుకో తెలియాలంటే ముందు మెదడు నిర్మాణంలో ఉన్న చిక్కు తెలియాలి.

చిట్టెలుక మెదడు అర గ్రాము కూడా తూగదు. ఆ కొద్దిపాటి పదార్థంలో దాదాపు 7 కోట్ల నాడీకణాలున్నాయి. మనిషి మెదడులో ఆ లెక్క సుమారు 8,600 కోట్లు. సంఖ్య ఒక్కటే అయితే ఎలాగో నెగ్గుకు రావచ్చు. ప్రతి నాడీకణం నుంచీ డెండ్రైట్లు అనే పొట్టి కొమ్మలు, ఆక్సాన్ అనే పొడవాటి తీగ బయలుదేరి పక్క కణాల కొమ్మల మధ్యకు చొచ్చుకుపోతాయి. ఆక్సాన్ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఉండవచ్చు, పొడవు మాత్రం సెంటీమీటర్ల కొద్దీ సాగుతుంది. పైగా మెదడు కణజాలానికి సొంత రంగంటూ పెద్దగా లేదు. పలచటి పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కంటికి ఆనేది చాలా తక్కువ. పోనీ అన్ని కణాలకూ రంగు పట్టిద్దామంటే, తిరునాళ్లకు ఊరంతా ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని వచ్చినట్లవుతుంది. రంగు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఏ కొమ్మ ఏ కణానిదో తేల్చాలంటే, వందల్లో ఒకటో రెండో కణాలు మాత్రమే, కానీ కొస నుంచి కొస దాకా, రంగు పట్టాలి.

ఇటలీ వైద్యుడు కమీలో గాల్జీ 1873లో అలాంటి పద్ధతినే కనిపెట్టాడు. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేట్‌లో గట్టిపరచి, ఆపైన వెండి నైట్రేట్ ద్రావణంలో నానబెడితే, నూటికి కొన్ని కణాలు మాత్రమే నల్లబడతాయి. నల్లబడిన కణం మాత్రం కొమ్మలతో సహా పూర్తిగా కనిపిస్తుంది. ఏ కణం నల్లబడుతుందో, పక్కది ఎందుకు నల్లబడదో ఇప్పటికీ ఎవరూ నమ్మకంగా వివరించలేదు. స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్ ఇదే పద్ధతితో జీవితమంతా బొమ్మలు గీసి, మెదడు వేర్వేరు కణాల కూడిక అని నిరూపించాడు. గాల్జీ మాత్రం అదంతా ఒకటే అల్లిక అనే వాదం వదల్లేదు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చినప్పుడు కూడా, ఆ వేదిక మీదే కహాల్ సిద్ధాంతాన్ని ఖండించాడు. పద్ధతి ఒకరిది, ఫలితం మరొకరిది కావడం విజ్ఞాన చరిత్రలో తరచూ జరిగేదే. అయితే గాల్జీ పద్ధతికి ఒక పెద్ద లోటుంది. అది చచ్చిన కణజాలానికే పనికొస్తుంది. బతికి ఉన్న మెదడులో నిన్నటి కొమ్మ ఇవాళ ఎలా ఉందో అది చెప్పలేదు.

బతికిన కణానికి రంగు ఇచ్చే వస్తువు సముద్రం నుంచి దొరికింది. అమెరికా పడమటి తీరంలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫ్రైడే హార్బర్ దగ్గర ఒక జాతి జెల్లీఫిష్ తిరుగుతుంటుంది. దాని గొడుగు అంచున ఆకుపచ్చని కాంతి కనిపిస్తుంది. జపాన్ నుంచి ప్రిన్స్‌టన్‌కు వచ్చిన ఒసాము షిమొమూరా ఆ కాంతి ఎక్కడిదో తేల్చడానికి 1961 వేసవిలో దాదాపు 10,000 జెల్లీఫిష్‌లను పోగుచేశాడు. వాటి అంచులు కత్తిరించి, పిండి, రసం తీశాడు. ఆ రసంలో కాంతి ఎంతకీ నిలవలేదు. విసిగి ఒకనాడు మిగిలిన ద్రావణాన్ని తొట్టిలో పారబోస్తే, తొట్టి ఒక్కసారిగా నీలంగా మెరిసింది. ఆ తొట్టిలోకి సముద్రపు నీరు కూడా వచ్చి చేరుతోంది. ఆ నీటిలోని కాల్షియమే కాంతిని రప్పించిందని షిమొమూరా గ్రహించాడు. నీలి కాంతినిచ్చే ఆ ప్రోటీన్‌కు ఎక్వోరిన్ అని పేరు పెట్టారు. దాన్ని శుద్ధి చేస్తున్నప్పుడే పక్కన కొద్దిగా మరో ప్రోటీన్ దొరికింది. అది తనంతట తాను వెలగదు. ఎక్వోరిన్ ఇచ్చే నీలి వెలుగును తాగి ఆకుపచ్చని వెలుగుగా తిరిగి ఇస్తుంది. 1962లో వచ్చిన వ్యాసంలో దీన్ని గురించి ఉన్నది చిన్న ప్రస్తావన మాత్రమే. ఇదే ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్. ఇప్పుడు ప్రపంచమంతా జీఎఫ్‌పీ అని పిలుస్తున్నది దీన్నే.

జీఎఫ్‌పీలో 238 అమైనో ఆమ్లాలున్నాయి. ఆ గొలుసు చుట్టుకుని ఒక పీపా ఆకారం తీసుకుంటుంది. పీపా మధ్యలో, 65 నుంచి 67 వరకు స్థానాల్లో ఉన్న మూడు అమైనో ఆమ్లాలు తమలో తాము కలిసి కాంతినిచ్చే కేంద్రంగా మారతాయి. అందుకు ఆక్సిజన్ తప్ప బయటి నుంచి ఎంజైము గాని మరో పదార్థం గాని అక్కర్లేదు. జీవశాస్త్రానికి ఇది ఎంత గొప్ప సౌకర్యమో వెంటనే ఎవరికీ తట్టలేదు. జన్యువు ఒక్కటి చేతికొస్తే చాలు, ఏ జీవి కణంలోనైనా ఈ కాంతిని పుట్టించవచ్చు.

ఆ జన్యువును వేరుచేసి, దాని అక్షరక్రమాన్ని 1992లో ప్రకటించిన వ్యక్తి వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేసిన డగ్లస్ ప్రాషర్. పరిశోధనకు డబ్బు అందక ఆ పని మానుకుంటూ, జన్యువు నకళ్లను అడిగిన వారికి పంపాడు. అడిగిన వారిలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ చాల్ఫీ ఒకరు, కాలిఫోర్నియాలోని రోజర్ త్సియెన్ మరొకరు. చాల్ఫీ బృందం ఆ జన్యువును ముందు బ్యాక్టీరియాలో, తర్వాత మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో స్పర్శను గ్రహించే నాడీకణాల్లో పని చేయించింది. ఆ వ్యాసం 1994లో వచ్చింది. త్సియెన్ ప్రోటీన్‌లో ఒక్కొక్క అమైనో ఆమ్లాన్నే మార్చుకుంటూ పోయి, మరింత ప్రకాశవంతమైన ఆకుపచ్చను, ఆకాశనీలాన్ని, పసుపును తయారుచేశాడు. ఎరుపు రంగు ప్రోటీన్ 1999లో మాస్కో శాస్త్రవేత్తలకు పగడాల బంధువైన ఒక జీవిలో దొరికింది. 2008 రసాయనశాస్త్ర నోబెల్ షిమొమూరా, చాల్ఫీ, త్సియెన్ ముగ్గురికీ వచ్చింది. ఆ వార్త వెలువడే నాటికి ప్రాషర్ అలబామా రాష్ట్రంలో ఒక కార్ల దుకాణంలో వాహనం నడుపుతూ బతుకుతున్నాడు. బహుమతిని ముగ్గురికి మించి పంచరాదన్న నియమం ఉంది, నిజమే. అయినా ఈ కథలో అన్యాయం జరిగిందనిపించక మానదు.

పురుగు నుంచి చిట్టెలుకకు రావడానికి దారి అప్పటికే సిద్ధంగా ఉంది. ఫలదీకరణ చెందిన అండంలోకి అతి సన్నని గాజు సూదితో జన్యువును ఎక్కించే పద్ధతి 1980ల మొదట్లోనే కుదురుకుంది. సూదితో పంపిన జన్యువు అండంలోని క్రోమోజోములలో ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. ఆ అండాన్ని పెంపుడు తల్లి గర్భంలో పెడితే, పుట్టే పిల్లల్లో కొన్నింటి ఒంట్లో ప్రతి కణంలోనూ ఆ జన్యువు ఉంటుంది. వాటి సంతానానికీ సంక్రమిస్తుంది. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో మసారు ఒకాబే బృందం 1997లో ఒళ్లంతా ఆకుపచ్చగా వెలిగే చిట్టెలుకలను ప్రకటించింది. వాటిలో ఎర్ర రక్తకణాలు, వెంట్రుకలు తప్ప దాదాపు అన్నీ నీలి కాంతిలో పచ్చనివే. కణాల మార్పిడి ప్రయోగాలకు అవి బాగా పనికొచ్చాయి. మెదడు వైరింగును చూడదలచిన వారికి మాత్రం అక్కరకు రాలేదు, తిరునాళ్ల చిక్కు వల్లనే.

కావలసిన కణాల్లోనే జన్యువు పని చేయాలంటే దాని ముందు ఒక స్విచ్ తగిలించాలి. జన్యుశాస్త్రంలో దాన్ని ప్రమోటర్ అంటారు. ప్రతి జన్యువుకూ తన ప్రమోటర్ ఉంటుంది. ఏ కణంలో, ఏ వయసులో ఆ జన్యువు పని చేయాలో అది నిర్ణయిస్తుంది. నాడీకణాల కోసం ఎంచుకున్నది థై1 అనే జన్యువు ప్రమోటర్. థై1 ప్రోటీన్ నాడీకణాల్లోనే కాక థైమస్ గ్రంథి కణాల్లోనూ తయారవుతుంది. అందుకు కారణమైన భాగాన్ని కత్తిరించి తీసేస్తే, మిగిలిన స్విచ్ నాడీకణాలకే పరిమితమవుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన పీకో కరోనీ 1997లో ఇలా సవరించిన రూపాన్ని ప్రకటించాడు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జాషువా సేన్స్, జెఫ్ లిచ్‌మన్, వారి దగ్గర పరిశోధకుడైన గువోపింగ్ ఫెంగ్ ఆ స్విచ్‌కు రంగు ప్రోటీన్ల జన్యువులను జోడించారు. ఆకుపచ్చ, పసుపు, ఆకాశనీలం, ఎరుపు, ఇలా నాలుగు రంగులతో 25 వేర్వేరు చిట్టెలుక వంశాలను తయారుచేసి 2000లో ప్రకటించారు.

ఆ ఫలితం ఎవరూ ముందుగా ఊహించినట్లు లేదు. అన్ని వంశాల్లోనూ స్విచ్ ఒకటే. అయినా ఏ రెండు వంశాల మెదడూ ఒకేలా వెలగలేదు. ఒక వంశంలో కండరాలను కదిలించే నాడీకణాలన్నీ వెలిగాయి. మరో వంశంలో పెద్దమెదడు పైపొర అయిన కార్టెక్స్‌లో అయిదో పొరలోని పెద్ద కణాలు వెలిగాయి. ఇంకొకదానిలో అక్కడక్కడా విడివిడిగా కొన్ని కణాలే. జన్యువు క్రోమోజోములో ఎక్కడ అతుక్కుంటే అక్కడి ఇరుగుపొరుగు ప్రభావం దాని మీద పడుతుంది. ఎన్ని నకళ్లు అతుక్కున్నాయన్నదీ లెక్కకొస్తుంది. జన్యుమార్పిడి చేసేవారు సాధారణంగా ఈ అస్థిరతను తలనొప్పిగా చూస్తారు. ఇక్కడ అదే వరమైంది. గాల్జీ ద్రావణం చేసినట్లే, ఎందుకో స్పష్టంగా తెలియకుండానే కొన్ని కణాలను ఎంచుకుంది. తేడా ఏమిటంటే ఈ ఎంపిక ఒక వంశంలో తరతరాలకూ అలాగే నిలుస్తుంది, పైగా కణం బతికే ఉంటుంది. పసుపు రంగు హెచ్ వంశం, ఆకుపచ్చ రంగు ఎమ్ వంశం అప్పటి నుంచి ప్రయోగశాలల్లో ఇంటి పేర్లయ్యాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న జాక్సన్ లేబొరేటరీ వీటిని పెంచి, అడిగిన పరిశోధన సంస్థలకు పంపుతూ వస్తోంది. ఏ ప్రయోగశాల అయినా తన ఎలుకలను తానే మొదటి నుంచి సృష్టించుకోనక్కర్లేకపోవడం ఈ రంగం ఇంత వేగంగా సాగడానికి ఒక పెద్ద కారణం.

సేన్స్, లిచ్‌మన్‌లు ఈ ఎలుకలను మొదట వాడింది మెదడులో కాదు, కండరంలో. అప్పుడే పుట్టిన చిట్టెలుకలో ఒక్కో కండర తంతువు దగ్గరికి అనేక ఆక్సాన్లు వచ్చి చేరతాయి. రెండు వారాలు తిరిగేసరికి ఒక్కటి తప్ప మిగిలినవన్నీ వెనక్కి తగ్గుతాయి. ఈ సంగతి అంతకు ముందే తెలుసు గాని, పోటీ ఎలా జరుగుతుందో కళ్లారా చూసినవారు లేరు. కొన్ని ఆక్సాన్లు పసుపుగా, కొన్ని ఆకాశనీలంగా వెలిగే ఎలుకలను పెంచి, మత్తు ఇచ్చి, ఒకే కండర సంధిని రోజుల తరబడి మళ్లీ మళ్లీ చూస్తే ఆ పోరు కనబడింది. ఒక రంగు ఖాళీ చేసిన చోటును రెండో రంగు ఆక్రమించుకుంటుంది. వెనుకబడినట్లు కనిపించిన ఆక్సాన్ తిరిగి పుంజుకున్న సందర్భాలూ ఉన్నాయి. అంటే గెలుపు మొదటే ఖాయమైపోలేదు. 2003లో వచ్చిన ఈ ఫలితాన్ని చచ్చిన కణజాలం మీద ఎన్ని రంగులు పూసినా రాబట్టలేరు.

కండరం చర్మం కిందనే ఉంటుంది కాబట్టి చూడడం తేలిక. మెదడు అలా కాదు. పుర్రె అడ్డం, ఆ కింద కణజాలం కాంతిని చెదరగొడుతుంది. 1990లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ రూపొందించిన రెండు ఫోటాన్ల సూక్ష్మదర్శిని దీనికి మార్గం చూపింది. నీలి కాంతికి బదులు ఇది కంటికి కనబడని పరారుణ లేజరును వాడుతుంది. ఆ కిరణాలు కణజాలంలోకి లోతుగా దిగుతాయి. ఒక ఫోటాన్‌కు, అంటే ఒక కాంతి రేణువుకు, ప్రోటీన్‌ను వెలిగించే శక్తి చాలదు. రెండు ఫోటాన్లు దాదాపు ఒకే క్షణంలో తాకితేనే వెలుగుతుంది. అంత దట్టంగా ఫోటాన్లు ఉండేది లేజరు కేంద్రీకరించిన బిందువులోనే గనుక, పైనా కిందా ఉన్న కణాలు వెలిగి బొమ్మను చెడగొట్టవు. ఇలా రెండు ఫోటాన్లను ఒకేసారి శోషించుకోవడం సాధ్యమేనని మరియా గోపర్ట్ మేయర్ 1931లోనే సిద్ధాంతపరంగా చెప్పింది. పుర్రెలో చిన్న గాజు కిటికీ అమర్చితే, బతికున్న చిట్టెలుక కార్టెక్స్‌లో అర మిల్లీమీటరు లోతుకు పైగా చూడవచ్చు. అదే కణాన్ని వారం తర్వాత, నెల తర్వాత మళ్లీ వెతికి పట్టుకోవచ్చు.

అలా చూడగా మొదట పుట్టింది ఒక గట్టి వివాదం. డెండ్రైట్ కొమ్మల మీద ముళ్లలాంటి బుడిపెలుంటాయి. రెండు నాడీకణాలు సంకేతాలు మార్చుకునే సంధులు, అంటే సినాప్స్‌లు, చాలావరకు వీటి మీదే ఉంటాయి. పెద్దయిన జంతువులో ఈ ముళ్లు స్థిరంగా ఉంటాయా, వస్తూ పోతూ ఉంటాయా? జ్ఞాపకం ఎక్కడ నిలుస్తుందన్న ప్రశ్నకు ఇది దగ్గరి ప్రశ్న. 2002 డిసెంబరులో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు జవాబులు ప్రచురించింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో వెన్‌బియావో గాన్ బృందం పసుపు రంగు హెచ్ వంశంలో దృష్టికి సంబంధించిన ప్రాంతాన్ని చూసి, పెద్ద ఎలుకల్లో నెల గడిచినా నూటికి 96 ముళ్లు అలాగే ఉన్నాయని తేల్చింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోని కారెల్ స్వొబొడా బృందం ఆకుపచ్చ ఎమ్ వంశంలో మీసాల స్పర్శను గ్రహించే ప్రాంతాన్ని చూసి, నెల దాటి నిలిచేవి సగం మాత్రమేనని చెప్పింది.

ఇద్దరి కొలతలూ జాగ్రత్తగా చేసినవే. ఎలుకల వయసు వేరు, వంశం వేరు, మెదడు ప్రాంతం వేరు. అన్నిటికన్నా ముఖ్యం, కిటికీ తెరిచిన తీరు వేరు. గాన్ బృందం పుర్రె ఎముకను తొలగించలేదు, కాంతి దూరేంత పలచగా అరగదీసింది. స్వొబొడా బృందం ఎముక ముక్కను తీసి గాజు పెట్టింది. ఎముక తీస్తే మెదడులోని రక్షక కణాలు రేగి, ఆ కలవరంలో ముళ్ల రాకపోకలు పెరుగుతాయని 2007లో గాన్ బృందమే చూపించింది. శస్త్రచికిత్స శుభ్రంగా చేసి, రెండు వారాలు ఆగి చూస్తే ఆ ప్రభావం తగ్గిపోతుందని రెండో పక్షం వాదించింది. చివరికి మెదడులోని అన్ని ప్రాంతాలకూ, అన్ని వయసులకూ ఒకే జవాబు లేదన్న చోటికి వ్యవహారం చేరింది. చూడడం కోసం చేసిన పనే చూసేదాన్ని మార్చేసే ప్రమాదం ఈ పరిశోధనలో ఎప్పుడూ పొంచి ఉంటుందని ఈ తగువు గట్టిగా చెప్పింది. ఆ మేరకు అది పరిశోధకులకు మేలే చేసింది.

నేర్చుకోవడానికీ ఈ ముళ్లకూ సంబంధం 2009లో ఇంకా తేటపడింది. కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్‌లో యీ జువో బృందం చిట్టెలుకలకు ఇరుకు సందులోంచి ముంగాలు చాచి గింజను అందుకోవడం నేర్పింది. శిక్షణ మొదలైన గంటలోపే, ఆ కాలిని నడిపించే కార్టెక్స్ ప్రాంతంలో కొత్త ముళ్లు మొలిచాయి. శిక్షణ కొనసాగితే వాటిలో కొన్ని నిలిచాయి, అంతకు ముందున్న కొన్ని పాతవి రాలిపోయాయి. వ్యాధుల వైపూ ఇలాంటి పనే జరిగింది. అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకలను రంగు నాడీకణాల వంశంతో సంకరం చేస్తే, అమిలాయిడ్ గడ్డల పక్కనుంచి పోయే కొమ్మల మీద ముళ్లు తగ్గిపోవడం, ఆ కొమ్మలు తెగిపోవడం సూక్ష్మదర్శినిలో నేరుగా కనిపించింది. వెన్నుపాములో తెగిన ఆక్సాన్ కొసలు గాయమైన అరగంటలోనే వందల మైక్రాన్ల మేర చచ్చిపోతాయని, తర్వాత కొన్ని మళ్లీ పెరగడానికి ప్రయత్నిస్తాయని 2005లో ఇదే తరహా ఎలుకల్లో చూశారు.

కొన్ని కణాలే వెలిగితే ఒక్కో కణం ఆకారం తెలుస్తుంది. దాని పొరుగు కణం సంగతి మాత్రం తెలియదు. పొరుగునూ చూడాలంటే ఎక్కువ కణాలు వెలగాలి, కానీ వేర్వేరు రంగుల్లో వెలగాలి. హార్వర్డ్‌కు మారిన లిచ్‌మన్, సేన్స్ ప్రయోగశాలల్లో జాన్ లివే 2007లో బ్రెయిన్‌బో అనే పద్ధతిని రూపొందించాడు. బ్యాక్టీరియా మీద బతికే ఒక వైరస్‌లో క్రీ అనే ఎంజైము ఉంటుంది. డీఎన్ఏలో 34 అక్షరాల ప్రత్యేక గుర్తులు రెండు కనబడితే, వాటి మధ్య ఉన్న భాగాన్ని అది కత్తిరించి పారేస్తుంది లేదా తిప్పి పెడుతుంది. లివే అనేక రంగుల జన్యువులను వరసగా పేర్చి, మధ్య మధ్య ఆ గుర్తులను ఉంచాడు. క్రీ ఎక్కడ కత్తిరిస్తే అక్కడి రంగు మిగులుతుంది. కణంలో ఈ పేర్పుకు అనేక నకళ్లుంటాయి, ప్రతి నకలూ తన రంగును తాను ఎంచుకుంటుంది. ఒక కణంలో రెండు పాళ్లు ఎరుపు, ఒక పాలు నీలం పడితే, పక్కదానిలో మొత్తం పసుపే పడవచ్చు. అలా దాదాపు 90 ఛాయలు విడివిడిగా గుర్తుపట్టగలిగినవి వచ్చాయి. ఆ చిత్రాలు పత్రికల ముఖచిత్రాలుగా, గోడపటాలుగా లోకమంతా తిరిగాయి. శాస్త్రీయంగా వాటి నుంచి వచ్చిన ఫలితాలు ఆ పేరుకు తగినన్ని కావు. సన్నని ఆక్సాన్‌లో రంగు పలచబడుతుంది, దగ్గరి ఛాయలను వేరుచేయడం కష్టమవుతుంది. ఒక మూలకణం నుంచి ఏయే కణాలు పుట్టాయో గుర్తించే పనిలో మాత్రం ఈ పద్ధతి, దాని తర్వాతి రూపాలు బాగా స్థిరపడ్డాయి.

క్రీ వల్ల అంతకన్నా పెద్ద లాభం మరోచోట కలిగింది. ఒక వంశంలో ఫలానా రకం నాడీకణాల్లోనే క్రీ తయారయ్యేలా చేస్తారు. రెండో వంశంలో ఎరుపు రంగు జన్యువు ముందు ఒక అడ్డుకట్ట పెడతారు. రెండిటినీ సంకరం చేస్తే, క్రీ ఉన్న కణాల్లోనే అడ్డుకట్ట తెగి ఎరుపు వెలుగుతుంది. సియాటిల్‌లోని ఆలెన్ సంస్థలో హాంగ్‌కుయ్ జెంగ్ బృందం 2010లో విడుదల చేసిన ఇలాంటి రంగు వంశాలు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి. థై1 ఎలుకల్లో యాదృచ్ఛికంగా దొరికిన ఎంపిక, వీటితో పరిశోధకుల చేతికి వచ్చింది.

ఇంతవరకు చెప్పిన రంగు కణం ఆకారాన్ని చూపిస్తుంది, పనిని చూపించదు. నాడీకణం సంకేతం పంపినప్పుడు దానిలోకి కాల్షియం వచ్చిపడుతుంది. కాల్షియం పెరిగినప్పుడు మరింత వెలిగే ప్రోటీన్ ఉంటే, కణం పని చేయడం కంటికి కనబడుతుంది. జపాన్‌లో జునిచి నాకాయ్ బృందం 2001లో జీఎఫ్‌పీని ఒకచోట తెంచి, కొసలను మరోచోట కలిపి, దానికి కాల్షియాన్ని పట్టుకునే కాల్మోడ్యులిన్ అనే ప్రోటీన్‌ను అతికించింది. దీని పేరు జీక్యాంప్. తొలి రూపం బలహీనంగా ఉండేది. అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రం వందల రకాల మార్పులు చేసి, పరీక్షించి, 2013లో ఆరో రూపాన్ని విడుదల చేశాక పరిస్థితి మారింది. ఒక్కో సంకేతానికీ కణం వెలుగు పెరిగి తగ్గడం కనిపించసాగింది. ఈ ప్రోటీన్‌తో పుట్టే చిట్టెలుకలు మరుసటి ఏడాదే వచ్చాయి. ఎలుక తెర మీద బొమ్మలు చూస్తున్నప్పుడు, చక్రం మీద పరుగెత్తుతున్నప్పుడు, వేల నాడీకణాల్లో ఏది ఎప్పుడు పలికిందో ఒకేసారి నమోదు చేయడం ఇప్పుడు చాలా ప్రయోగశాలల్లో మామూలు పని.

అయితే ఈ ఎలుకలు చెప్పిందల్లా నమ్మదగినది కాదు. బయటి జన్యువు క్రోమోజోములో అతుక్కున్న చోట ఎలుక సొంత జన్యువేదైనా చెడిపోయి ఉండవచ్చు. కణంలో పరాయి ప్రోటీన్ విపరీతంగా పేరుకుంటే కణం స్వభావమే మారవచ్చు. జీక్యాంప్ ఆరో రూపం ఉన్న కొన్ని వంశాల్లో మూర్ఛను పోలిన అసహజ విద్యుత్ తరంగాలు కనిపిస్తున్నాయని 2017లో ఒక వ్యాసం హెచ్చరించింది. లేత వయసులో ఆ ప్రోటీన్ తయారు కాకుండా ఆపితే ఆ బెడద తగ్గింది. అప్పటికే ఆ వంశాలతో చేసిన పనులను మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది. థై1 స్విచ్ పుట్టిన తర్వాత గాని సరిగా పని మొదలుపెట్టదు, కాబట్టి గర్భంలో మెదడు ఏర్పడే దశకు ఆ వంశాలు పనికిరావు. కాంతి ఎక్కువసేపు పడితే ప్రోటీన్ రంగు వెలిసిపోతుంది. లేజరు వేడి కణజాలాన్ని దెబ్బతీస్తుంది. చివరగా, చిట్టెలుక కార్టెక్స్ మందం మిల్లీమీటరే, మడతలు లేనిది. అక్కడ చూసినదాన్ని మనిషి జ్ఞాపకానికో మతిమరుపుకో నేరుగా అన్వయించి చెప్పే వార్తలను అనుమానంతోనే చదవాలి.

జంతువుల బాధ ప్రశ్న కూడా ఉంది. విలియం రసెల్, రెక్స్ బర్చ్ 1959లో ప్రతిపాదించిన మూడు సూత్రాలు ఈ రంగంలో ప్రమాణం. వీలైతే జంతువుకు బదులు వేరేది వాడాలి, వాడక తప్పకపోతే సంఖ్య తగ్గించాలి, బాధ తగ్గించాలి. భారతదేశంలో 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంఘం నియమాల ప్రకారం, ప్రతి సంస్థలోనూ నైతిక సంఘం అనుమతి లేనిదే ఇలాంటి ప్రయోగం జరగరాదు. వెలిగే నాడీకణాల వల్ల రెండో సూత్రానికి కొంత మేలు జరిగింది. నెల రోజుల మార్పు తెలుసుకోవడానికి పూర్వం వారానికి కొన్ని ఎలుకలను చంపవలసి వచ్చేది, ఇప్పుడు ఒకే ఎలుకను నెలంతా చూడవచ్చు. మరోవైపు, మూడు జన్యుమార్పులు కలిసిన ఎలుక కావాలంటే సంకరంలో ఎనిమిదింటికి ఒకటే అలా పుట్టవచ్చు. మిగిలిన ఏడూ చాలాసార్లు అక్కరకు రాక చంపబడతాయి. వ్యాసాల్లో ప్రయోగానికి వాడిన ఎలుకల సంఖ్యే కనిపిస్తుంది, ఇవి ఆ లెక్కలోకి రావు. ఆ సంఖ్యను కూడా ప్రకటించడం న్యాయం.

వెలిగే నాడీకణాల నుంచి ఇప్పటివరకు వచ్చిన అతి పెద్ద పటం 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వెలువడింది. ముందుగా హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో, జీక్యాంప్ ఉన్న ఒక చిట్టెలుకకు వీడియోలు చూపిస్తూ, దృష్టికి సంబంధించిన ప్రాంతంలో సుమారు 75,000 నాడీకణాల పనిని నమోదు చేశారు. తర్వాత ఆలెన్ సంస్థలో ఆ ప్రాంతాన్నే అతి పలచని వేల పొరలుగా కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చిత్రాలు తీశారు. ప్రిన్స్‌టన్‌లో సెబాస్టియన్ సియుంగ్ బృందం కంప్యూటర్ల సాయంతో ఆ చిత్రాలను కలిపి కొమ్మలన్నిటినీ తిరిగి అల్లింది. ఏ కణం ఏ బొమ్మకు పలికిందో, అది ఎవరెవరితో కలిసి ఉందో ఒకేచోట ఇంత పెద్ద ఎత్తున తెలిసింది అప్పుడే. 2 లక్షలకు పైగా కణాలు, 52 కోట్లకు పైగా సినాప్స్‌లు ఆ పటంలో ఉన్నాయి. అదంతా ఒక ఘనపు మిల్లీమీటరు కణజాలం, ఆ చిట్టెలుక మెదడులో సుమారు 500వ వంతు.